మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోసిన కాశమ్మవ్వ

దయ్యాలు లేవు. ఈ మాట ముందే చెప్పి మొదలుపెడతాను. చివరిదాకా చదివి "ముసలిది దయ్యాల కథ చెప్పింది" అని మీరు అనుకోకూడదు. ఊరికి ఎడంగా ఉండే మా పల్లె, శ్మశానానికి పోయే దారిలోనే ఉండేది. ఊరి పాడెలన్నీ మా వాకిళ్ళ ముందరనుంచే పోయేవి. గుంతలు తీసేది మా మగోళ్ళే. చచ్చిపోయినోళ్ళకు స్నానాలు చేయించిన చేతులు ఇవి. ఒక్కరు కూడా లేచి కూర్చోలేదు. అట్లాంటివి నమ్మొద్దని మా కిరస్తానం గుళ్ళో అయ్యగారు చెప్పేవాడు. ఆయన చెప్పకపోయినా నేను నమ్మేదాన్ని కాదు.

నాకు అక్షరాలు యాభై ఏండ్లు దాటినాక వచ్చినాయి. మా నాయన మార్కాపురం దగ్గర పలకల గనిలో కూలి. చిన్నప్పుడు నెత్తిన పలకరాయి మోసినాను గానీ పలక మీద ఒక్క గీత గీసింది లేదు. మనవరాలి పక్కన కూర్చోని నేర్చుకున్నాను. ఇందులో తప్పులుంటే ఉంటాయి. జరిగింది మాత్రం జరిగినట్లే రాస్తాను.

ఇది ఇంగ్లీషోళ్ళు ఉన్నప్పటి మాట. మమ్మల్ని మద్రాసు నుంచి ఏలేవాళ్ళు. జిల్లా కర్నూలు. నన్ను ఇచ్చింది గిద్దలూరుకు దక్షిణంగా, కొమరోలు పోయే దారిలో ఒక ఊరికి. ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే ముసలామె మనవలు, మునిమనవలు అక్కడే ఉండారు. మంచోళ్ళు.

ఆ ఊరికంతా ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి కడవ ముంచుకోవాల. మేము కిరస్తానం పుచ్చుకున్నా ఆ మెట్లు మాకు లేవు. మేము దిగితే బావి మైలపడుతుందనేవాళ్ళు. మాకు వాగులో చెలమ ఉండేది. ఇసుకలో గుంత తీస్తే నీళ్ళు ఊరతాయి, చిప్పతో తోడుకొని కుండ నింపుకునేవాళ్ళం. వాగు ఎండితే మాత్రం పోయి బావి గట్టు మీద కుండ పెట్టుకొని నిలబడాల్సిందే. ఊరి ఆడోళ్ళు ఎవరికైనా దయ కలిగితే కడవ ముంచి పైకి తెచ్చి, కుండకు తగలకుండా ఎత్తునుంచి పోస్తారు. కలగకపోతే లేదు.

ఆ కాలంలో మా దిక్కు నారికురుపు ఎక్కువ. ఇప్పటి పిల్లలకు ఆ పేరు కూడా తెలియదు, అదీ మంచిదే. కాలి మీద బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్లు మంట. బొబ్బ పగిలితే లోపలనుంచి తెల్లగా దారం మాదిరి పురుగు తల బయటపెడుతుంది. మూరెడు పైనే ఉంటుంది పొడవు. దాన్ని ఒక పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాల. తొందరపడితే తెగుతుంది. తెగితే లోపల మిగిలింది కుళ్ళి, కాలు ఉబ్బి, మనిషి మంచం పడతాడు. చచ్చిపోయినోళ్ళూ ఉండారు. ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదు. మంట తట్టుకోలేక ఊరోళ్ళు పోయి బావి మెట్టు మీద కూర్చోని కాలు నీళ్ళల్లో పెట్టేవాళ్ళు. చల్లగా ప్రాణం లేచొచ్చేది. వాళ్ళ తాతలు చేసిందీ అదే.

నా పెనిమిటి పేరు యోహాను. ఊళ్ళో ఒక రైతు ఇంట్లో జీతానికి ఉండేవాడు. అక్కడ వాళ్ళు పోసిన నీళ్ళే తాగేవాడు. మా పెండ్లయిన ఏడే ఆయన మోకాలి కింద పురుగు లేచింది. సరిగ్గా జొన్న విత్తే పదును. రైతు రమ్మంటాడు, పురుగు రానంటుంది. ఓర్చుకోలేక ఒకరోజు గట్టిగా లాగినాడు. తెగింది.

ఆస్పత్రికి పోవాలంటే ఒక పగలంతా బండి ప్రయాణం. బండి ఎవరిస్తారు? అడగంగా అడగంగా ఒకాయన ఇచ్చినాడు, అదీ ఎద్దులకు పని లేని రోజు చూసి. పోయేసరికి కాలు తొడదాకా ఉబ్బింది. డాక్టరు కోసి చీము తీసినాడు, ప్రాణం నిలబెట్టినాడు. "ముందే తీసుకొని రావాల్సింది" అన్నాడు. ముందే రావాలంటే బండి ముందే దొరకాల గదా. ఆ మాట నేను పైకి అనలేదు.

మోకాలు ముడుచుకొనిపోయింది. ఇంక చాపలేదు. జీతం పోయింది. ఇంట్లో కూర్చోని జనుపనార తాళ్ళు పేనేవాడు. మా అత్తకు చూపు మసక, వాకిలి దాటితే తడుముకోవాల. నాకప్పటికే నెల తప్పింది. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ ఇంట్లో నడిచే కాళ్ళు నావి రెండే.

ఇప్పుడు కాశమ్మవ్వ సంగతి. ఊళ్ళో పెద్ద రైతు తల్లి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో చేనికి పోతా వస్తా ఆమెను రోజూ చూసేదాన్ని. వంగిన నడుము, ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. ఆమెకూ నారికురుపే, ఎడమ మడమ మీద. పసుపు రాసిన గుడ్డ కట్టుకొని, బావి మెట్టు మీద కూర్చోని, కాలు నీళ్ళల్లోకి వేలాడేసుకొని, దారిన పోయేవాళ్ళను తిడతా ఉండేది. ఆ నోటికి పొద్దుగూకేదాకా అలుపు లేదు.

నన్ను చూస్తే, "ఏమే కొత్తపెళ్ళికూతురా, మొగుణ్ణి మంచానికి కట్టేసొచ్చినావా" అనేది.

ఇంకోరోజు, "చూడండే దీని నడక. కాళ్ళు అరువు తెచ్చుకున్నట్లుంది, అరుగుతాయని భయమేమో" అనేది.

నేను నవ్వుకుంటా పోయేదాన్ని. ఆ తిట్లల్లో విషం ఉండేది కాదు. వాగు ఎండిన ఏళ్ళల్లో మా పల్లె కుండల్లో ఎక్కువ నీళ్ళు పోసింది కూడా ఆమెనే అని మా అత్త చెప్పేది. "తిడతాది, పోస్తాది. ఊరికే ఉండేవాళ్ళకంటే తిట్టి పోసేవాళ్ళు నయం గదా" అనేది అత్త.

కాన్పుకు నేను పుట్టింటికి పోయినాను. ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మెడ నిలబడి, ఎండలు ముదిరినాక తిరిగొచ్చినాను. ఆ ఏడు వానలు లేవు. చెలమ ఎండిపోయింది. ఎంత లోతు తీసినా పొడి ఇసుకే.

నేను రోడ్డుకు కంకర కొట్టే పనికి పోయేదాన్ని. మిగతా ఆడోళ్ళు తెల్లారి, పొద్దుగూకి బావి కాడికి పోయేవాళ్ళు, ఊరోళ్ళు నీళ్ళకు వచ్చే వేళ అదే గాబట్టి. నాకు ఆ రెండు పూటలూ కుదరదు. తెల్లారి పని, పొద్దుగూకి పిల్ల. మధ్యాహ్నం కూటికి వదిలినప్పుడే పోవాల. "మిట్టమధ్యాహ్నం నీకు ఎవురు పోస్తారే" అన్నది అత్త. చూద్దామని పోయినాను.

బావి కాడ ఎవరూ లేరు. గట్టు బండలు కాళ్ళు కాలుస్తాండాయి. కుండ పెట్టుకొని నిలబడినాను. దిగి ముంచుకుందామా అని మనసు లాగింది. ఎవరన్నా చూస్తే ముడుచుకున్న కాలేసుకొని మా ఆయన ఊరి పెద్దల ముందర నిలబడాల. దిగలేదు. తిరిగిపోదామని కుండ ఎత్తుకుంటాంటే కింద నీడన మెట్ల మీద కాశమ్మవ్వ కనపడింది. ఇంతసేపూ నేను చూసుకోలేదేమో అనుకున్నాను.

"అమ్మా, ఒక్క కుండ" అన్నాను.

తిట్టలేదు. పలకనే లేదు. లేచి ఒక పాత గుడ్డ తీసి మడతపెట్టి తన కడవ మూతికి కట్టింది. దాని మీదనుంచి చెంబుతో పోసి కడవ నింపింది. ఇదేం ముసలి మడి అనుకున్నాను. ఆ ఊళ్ళో నీళ్ళు వడగట్టేవాళ్ళను నేను అంతవరకు చూడలేదు.

ఇంకోటి చూసినాను. ఇదివరకు కాలు నీళ్ళల్లో వేలాడేసుకొని కూర్చునే మనిషి, ఆరోజు నీళ్ళకు పైనుండే పొడి మెట్టు మీద గొంతుకూర్చోని, ఎడమ కాలును వెనక్కు మడిచి పెట్టుకొని, ముందుకు వంగి చెంబు ముంచతాంది. పడిపోతుందేమో అనిపించేంత వంగింది. "జారతావేమో అమ్మా, కాలు కింద మెట్టు మీద పెట్టుకోరాదా" అన్నాను. పెట్టలేదు.

కడవ ఎత్తుకొని పైకొచ్చి నా కుండలో పోసింది. కొంగు ముందుకు లాక్కోని ఉండింది, ముఖం సరిగా చూడలేదు. కానీ మనిషి ఆమెనే. వంగిన నడుము, మడమకు పసుపు గుడ్డ, ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. పోసేటప్పుడు ఆ చెయ్యి నా కండ్లకు జానెడు దూరంలో ఉండింది.

జబ్బుకు నోరు పడిపోయినట్లుంది పాపం అనుకున్నాను. కుండ నెత్తికెత్తుకొని మెట్ల వైపు చూస్తే తడి లేదు. నీళ్ళు మోసే ఏ ఆడదానికైనా తెలుసు, ఎంత జాగ్రత్తగా ఎక్కినా కడవ కారతాది, మెట్లు తడుస్తాయి. ఒక్క చుక్క లేదు. బండ వేడికి ఇగిరిపోయిందిలే అనుకున్నాను.

వాన పడేదాకా మధ్యాహ్నం పూట అట్లనే జరిగింది. నేను పోతే ఆమె ఉండేది. అదే గుడ్డ, అదే పొడి మెట్టు. ఒక్క మాట లేదు. ఇంట్లో అత్త అడిగితే "ఎవురో పుణ్యాత్మురాలు పోసిందిలే" అనేదాన్ని. పేరు చెప్తే పల్లెలో అందరూ మధ్యాహ్నమే వస్తారు, ముసలామె విసుక్కుంటుంది, నా కుండకు కూడా మన్ను పడుతుంది అని నా భయం.

వానలు పడి వాగు పారింది. మళ్ళీ చెలమ నీళ్ళు. బావి కాడికి పోయే పని లేకపోయింది.

ఆ వానల్లోనే మద్రాసు నుంచి ఒక డాక్టరు, ఆయన వెంట తెలుగు వచ్చిన ఒక ఇనస్పెక్టరు వచ్చినారు. ఊరి బయట డేరా వేసినారు. నారికురుపు ఎందుకొస్తుందో చూసేదానికంట. ఊరు, పల్లె అందరినీ పిలిచినారు. మేము ఎడంగా నిలబడినాం. ఇనస్పెక్టరు బావి నీళ్ళు గాజు గ్లాసులో పోసి ఎండకు ఎత్తి పట్టినాడు. లోపల తెల్లచుక్కలు, పేనుపిల్లంత కూడా ఉండవు, ఎగిరెగిరి పడతాండాయి.

"మీరు మంట తగ్గాలని కాలు నీళ్ళల్లో పెడతారు. అప్పుడే పురుగు పిల్లల్ని వదులుతుంది. వాటిని ఈ చుక్కలు మింగుతాయి, చుక్కల్ని మీరు మింగుతారు. ఏడాది తిరిగేసరికి మీ కాల్లోంచి అదే పురుగు" అని చెప్పినాడు.

ఊరి పెద్దాయన ఒకడు లేచినాడు. "మా తాతలు ఈ నీళ్ళే తాగినారు. వాళ్ళేమన్నా చచ్చినారా?"

"ఇప్పుడు లేరు గదా పెద్దాయనా" అన్నాడు ఇనస్పెక్టరు. అందరూ నవ్వినారు. పెద్దాయన కూడా నవ్వినాడు. నేను నవ్వలేదు.

"అయ్యా, ఈ ఎండాకాలం తాగినోళ్ళకు?" అని అడిగినాను. నా చంకలో పిల్ల ఉంది.

"వచ్చే ఎండాకాలం తెలుస్తుంది."

"అంతలోపల మందు లేదా?"

"మందు లేదమ్మా. గుడ్డ ఉంది. ఇకమీద వడగట్టి తాగండి."

గుడ్డ అనే మాట వినంగానే నాకు కాశమ్మవ్వ గుర్తుకొచ్చింది, ప్రాణం కొంచెం కుదుటపడింది. అంతలోనే ఆయన రెండు గుడ్డలు చూపించినాడు. ఒకటి చిక్కటి నేత, ఒకటి పాతబడి సడలింది. పాతదాంట్లో పోస్తే చుక్కలు కిందికి దిగినాయి. మడతలు పెడితే ఆగినాయి. కాశమ్మవ్వ గుడ్డ పాతది. ఎన్ని మడతలు పెట్టిందో నేను చూడలేదు. రోజూ పెట్టిందా? ఒకరోజన్నా మరిచిందా? పాలల్లో పిల్లకు పోతుందా అని కూడా అడిగినాను. పోదన్నాడు. కానీ నా కాళ్ళు పోతే ఆ పాలు మాత్రం యాడినుంచి వస్తాయి?

ఇంటికి పోయి మా ఆయనతో అన్నాను. "రేపు కాశమ్మవ్వ ఇంటికి పోయి ఒక మాట అడిగొస్తా."

తాడు పేనుతా తల ఎత్తలేదు. "ఏ కాశమ్మవ్వ?"

"ఊళ్ళో ఎంతమంది ఉండారు కాశమ్మలు?"

అప్పుడు తలెత్తినాడు. "నీకేమన్నా మతి పోయిందా? ఆమె నువ్వు పుట్టింట్లో ఉన్నప్పుడే పోయింది. మన వాకిట్లోంచే పోయింది పాడె. నేను ఇక్కడ్నే కూర్చోని చూసినా."

"కాలు కుళ్ళి చచ్చిపోయింది ఆ తల్లి" అన్నది అత్త లోపలనుంచి. "గుంత తీసింది మన పక్కింటి యేసోబే. కావాలంటే అడుగు."

అడిగినాను. యేసోబు చెప్పినాడు. వాళ్ళావిడ మరియమ్మ కూడా చెప్పింది. చలికాలంలోనే పోయిందంట. ఎండాకాలానికి ఆ చావు మాట పాతబడిపోయింది, నాతో చెప్పాలని ఎవరికీ తోచలేదు. మరి నాకు నీళ్ళు పోసిందెవరని మా ఆయన్ను అడిగితే, ఎండకు ఎవర్ని చూసి ఎవరనుకున్నావో అన్నాడు. నేనూ అట్లనే అనుకోవాలని చూసినాను. తేలు పచ్చబొట్టు అడ్డమొచ్చింది.

నాకు భయమేసింది. దయ్యానికి కాదు, నా కాళ్ళకు. పోసింది కాశమ్మవ్వ కాకపోతే వడగట్టిందీ నిజం కాదేమో. ఎండదెబ్బకు ఒళ్ళు తెలియక నేనే మెట్లు దిగి, నేనే ముంచుకున్నానేమో. అట్లయితే నేను ఎండాకాలమంతా తాగింది ఆ చుక్కల నీళ్ళే. నాతోపాటు మా అత్తా, మా ఆయనా తాగినారు. పోసింది ఆమె కావాలని నేను దేవుణ్ణి అడిగినాను. చచ్చిన మనిషి వచ్చి ఉండాలని గుళ్ళో మోకాళ్ళేసుకొని ప్రార్థన చేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటా.

ఆ ఏడాది ఎట్ల గడిచిందో రాయడానికి నాకు వచ్చిన అక్షరాలు చాలవు. దోమ కుట్టినా కాలు చూసుకునేదాన్ని. ముల్లు గుచ్చుకుంటే ముల్లని నమ్మేదాన్ని కాదు. చేలో కలుపు తీస్తా తీస్తా లేచి పిక్కలు నొక్కుకునేదాన్ని. పక్కన కలుపు తీసేవాళ్ళు "ఏంది, కాళ్ళు ఉండాయా లేదా అని చూసుకుంటాండావా" అని ఎగతాళి చేసేవాళ్ళు. అవును, అదే చూసుకుంటాండా అనేదాన్ని. అత్తకు కండ్లు కనపడవు గాబట్టి పొద్దున్నే నన్ను కూర్చోబెట్టి అరచేతులతో నా కాళ్ళు తడిమేది, వేళ్ళ సందులతో సహా. ఏమీ లేకపోతే "లే, పో" అనేది. ఆ మాట కోసం తెల్లారేది నాకు.

ఒకరోజు మా ఆయన తనంతట తనే అన్నాడు. "నీకు లేస్తే పుల్ల నేను చుడతా. నాకు తొందర లేదిప్పుడు. తెంపను."

 ఆయన ముడుచుకున్న మోకాలి మీద పిల్ల కూర్చోని ఆడుకుంటాంది.

మళ్ళీ ఎండలొచ్చినాయి. పల్లెలో మొదట మరియమ్మకు లేచింది, పాదం మీద. తర్వాత యేసోబుకు. ఆ తర్వాత వాకిలి తర్వాత వాకిలి. తెల్లారి, పొద్దుగూకి బావి గట్టు మీద కుండలు పెట్టిన ఇండ్లల్లోనే లేచింది. మంచాలు వాకిట్లోకొచ్చినాయి. ఈసారి ఊళ్ళో కూడా ఎవర్నీ బావి నీళ్ళల్లో కాలు పెట్టనీయలేదు. తడిగుడ్డ వేసి విసురుతా కూర్చునేవాళ్ళు.

ఒక పొద్దున అత్త చెయ్యి నా కుడి పిక్క మీద ఆగింది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. "ఇదేందమ్మా?" అన్నది.

చూసినాను. ఎర్రగా బొబ్బ.

 మా ఆయన కత్తి తీసుకొని వేపపుల్ల చెక్కడం మొదలుపెట్టినాడు. నున్నగా చెక్కి చూరులో గుచ్చినాడు. నేను పిల్లను చూస్తా కూర్చున్నాను. పిల్లను మా నాయన కాడికి పంపాలని, వీళ్ళిద్దరికీ గంజి ఎవరు కాస్తారని, విత్తనాల వేళకు లేవగలనా అని, ఇవే నా తలలో తిరిగినాయి. పనికి పోలేదు. మంట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తా ఉండినా. రేపనుకుంటే రేపు, ఎల్లుండనుకుంటే ఎల్లుండి.

బొబ్బ పగిలింది. చీము వచ్చింది. దారం రాలేదు. అత్త మళ్ళీ మళ్ళీ తడిమి, "సెగ్గడ్డే ముండది" అని దాన్ని తిట్టి, కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది.

ఎండాకాలం గడిచింది. ఆ నీళ్ళు తాగిన మా ముగ్గురికీ ఏమీ లేవలేదు. చూరులో పుల్ల అట్లనే ఉండిపోయింది.

ఇనస్పెక్టరు మళ్ళీ వచ్చినాడు. ఇంటింటికీ తిరిగి అడుగుతా మా ఇంటికొచ్చి ఆగినాడు. "మీ ఇంట్లో ఎవరికీ లేదా? నీళ్ళు ఎక్కడివి తాగినారు?"

"బావివే అయ్యా. పోసినామె వడగట్టి పోసేది."

"పోయిన ఎండాకాలంలోనా? ఆ ఊళ్ళో ఒక్కరు కూడా వడగట్టలేదే. ఇల్లిల్లూ అడిగినాను." కాసేపు నన్ను చూసినాడు. "ఎవరామె?"

"ఒక ముసలామె."

"మంచి ముసలామె" అని, పక్క వాకిలికి పోయినాడు. ఆయన్ను పిలిచి ఇంకేం చెప్పేది?

విత్తనాలు వేసినాక ఒకరోజు కాశమ్మవ్వ ఇంటి పెరటి దిక్కు పోయి నిలబడినాను. ఆమె కోడలు గురవమ్మ చాట చెరుగుతాంది. "ఏమ్మే, కూలికొస్తావా?" అన్నది. లేదమ్మా, ఒక మాట అడగాలని వచ్చినా అని, ఉన్నదున్నట్లు చెప్పినాను. మధ్యాహ్నం ఆ ఇంట్లోవాళ్ళు ఎవరైనా బావికి పోయేవాళ్ళా అని అడిగినాను. ఎవరూ పోరంది. పచ్చబొట్టు సంగతి చెప్పినాను. చాట కింద పెట్టింది.

"తిట్టిందా నిన్ను?"

"లేదమ్మా. ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

"అయితే మా అత్త కాదులే" అన్నది. అని నవ్వింది. నవ్వుతానే కండ్లు తుడుచుకుంది.

నేను పోదామని తిరిగినాను. వెనకనుంచి పిలిచింది.

"ఆ కాలు ఎట్లుండింది?"

"గుడ్డ కట్టుండింది. నీళ్ళకు తగలనీయలేదమ్మా. పొడి మెట్టు మీద మడిచి పెట్టుకొని పోసేది."

గురవమ్మ మళ్ళీ చాట ఎత్తుకుంది. తర్వాత, నాతో అన్నట్లు కాకుండా, "మంటకు తట్టుకోలేక పెట్టేది పాపం. ఇప్పుడు మంట లేదేమో" అన్నది.

తర్వాత రోజుల్లో ఆ బావికి చుట్టూ గోడ లేపి, మెట్లు మూసి, గిలక పెట్టినారు. మాకు వేరే బావి రావడానికి ఇంకా చానా ఏండ్లు పట్టింది. గిలక బావి కాడ కూడా మేము నిలబడినాం, ఎవరన్నా తోడి పోస్తారని. గురవమ్మ వస్తే గుడ్డ కట్టి పోసేది.

నేను ఇన్నేండ్లూ ఆలోచించినాను. ఆమె మాదిరి ఇంకొక ముసలామె ఉండిందా అంటే, ఆ పచ్చబొట్టుతో ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు. నేనే దిగి ముంచుకున్నానా అంటే, వడగట్టాలని అప్పటికి నాకు తెలియదు. ఊరికే అదృష్టమా అంటే, అయ్యుండొచ్చు, ఆ నీళ్ళు తాగిన ప్రతివాళ్ళకూ లేవదని ఇనస్పెక్టరే చెప్పినాడు. నాకు ఏదీ తెగలేదు.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. నా రెండు కాళ్ళ మీద నారికురుపు మచ్చ ఒక్కటి కూడా లేదు. కావాలంటే వచ్చి చూసుకోండి. ఇంతకు మించి నా కాడ సాక్ష్యం లేదు.